కొండ దిగువన ఎన్ని గదులు?

కడోదరా అనే పేరు ఈ శీర్షిక చదివేవారిలో చాలామంది విని ఉండరు. సూరత్ నగరానికి తూర్పున సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో రెండు జాతీయ రహదారులు ఒకదానినొకటి దాటే కూడలి అది. ఒకటి బొంబాయి నుంచి అహమ్మదాబాదు మీదుగా ఢిల్లీ వెళ్ళేది; ఒకప్పుడు 8వ నంబరు, ఇప్పుడు 48. రెండవది హజీరా నుంచి నాగపూరు మీదుగా తూర్పు తీరం దాకా పోయేది. ఒకప్పుడు 6వ నంబరు, ఇప్పుడు 53. ఆ కూడలి చుట్టూ చీరల బట్టకు రంగులు వేసి అచ్చులద్దే మిల్లులు. అటువంటి మిల్లు ఒకదానిలో 1988 నుంచి 2022 వరకు లెక్కలు వ్రాశాను. మీ ఊరిలో చూడదగినది ఏమున్నదని ఎవరైనా అడిగితే, లారీలు అని చెప్పడం నాకు అలవాటు.

అయినా మా ఇంటికి వచ్చే బంధువులకు ఏనాడూ కొదవ లేదు. పెళ్ళి కుదిరిన ప్రతి ఇంటివారికీ సూరత్ చీరలు అక్కడే కొంటే చవక అన్న నమ్మకం. పెద్దవారికి దండి సముద్రతీరం చూడాలని కోరిక. 1930లో గాంధీజీ ఉప్పు తీసిన చోటు మా ఊరికి గంటన్నర ప్రయాణం. సర్దార్ పటేల్ సత్యాగ్రహం నడిపిన బార్డోలీ ఇంకా దగ్గర. ఇక 2018 అక్టోబరు 31న నర్మద ఒడ్డున 182 మీటర్ల పటేల్ విగ్రహాన్ని ఆవిష్కరించినప్పటి నుంచి అది చూడడానికి వచ్చేవారు వేరు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్లు, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు వారిని బండి మారే పని లేకుండా తెచ్చి సూరత్‌లో దించుతుంది. తరువాతి పని మాది. సూరత్ లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద బ్రతుకుతున్న పద్మశాలి కుటుంబాలవారు ఎందరో నాకు తెలుసు. వారి ఇళ్ళలోనూ ఇదే కథ.

ఇంతమందిని చేర్చుకొన్న మా మొదటి ఇల్లు ఎంతటిదో చెప్పాలి. ఇక్కడివారు దానిని ‘రూమ్ రసోడు’ అంటారు. రసోడు అంటే వంటిల్లు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది ఒకటి, దాని వెనుక వంట చేసికొనే చోటు. అంతే. పదహారు సంవత్సరాలు అందులో ఉండి, తరువాత రెండు గదుల ఇంటికి మారాము.

ఈ పూర్వకథ ఎందుకంటే, పదవీ విరమణ తరువాత మాకు సొంత ఇల్లు కట్టుకొనే అవకాశం వచ్చింది. అది కడోదరాలో కాదు. మా ఇంటావిడ పుట్టిల్లు తిరుపతి. పట్టణం శివారులో ఆమెకు పుట్టింటివారు ఇచ్చిన స్థలం వంద గజాలు ఉన్నది. అక్కడివారు గజాలలో చెప్పరు, అంకణాలలో చెప్తారు. తిరుపతి అంకణం ముప్పైఆరు చదరపు అడుగులు, అనగా సరిగా నాలుగు గజాలు. కాబట్టి మాది ఇరవైఐదు అంకణాల స్థలం. (నెల్లూరి అంకణం దీనికి రెట్టింపు. బేరమాడేముందు ఏ ఊరి అంకణమో అడిగి తెలిసికొనడం మంచిది.) నిబంధనల ప్రకారం చుట్టూ వదలవలసిన ఖాళీ పోగా, కట్టుకొనడానికి మిగిలేది సుమారు ఆరువందల చదరపు అడుగులు. అంతకు మించి కావాలంటే పైకి లేపవలసిందే.

పైకి లేపాలనే నేను పట్టుబట్టాను. కారణం పాఠకులు ఊహించే ఉంటారు. ఎవరూ చూడరాని కడోదరాలోనే అంతమంది వస్తే, ఏడుకొండల కిందికి ఎందరు రారు? కింద ఒక పడకగది, పైన మూడు, ప్రతి గదికీ దానికే అతికిన స్నానాలగది. ఆ విధంగా ఒక పటము గీయించి తెచ్చాను. మా ఇంటావిడ దానిని చాలాసేపు చూసి, “నాకు ఒక పడకగది చాలు” అన్నది. నేను అతిథి మర్యాద గురించి ఏదో చెప్పబోయాను. “ముప్పైనాలుగేళ్ళు మర్యాద చేసిన దానిని నేను. నాకు చెప్పకండి” అన్నది.

తగవు అక్కడ ఆగి ఉంటే ఈ శీర్షికకు విషయమే లేదు. మరునాడు ఆమె అటక మీది నుంచి పాత క్యాలెండర్లు దింపింది. మా ఇంట సుముల్ పాలు. రోజుకు ఎన్ని ప్యాకెట్లు తీసికొన్నదీ క్యాలెండరులో తేదీ పక్కన వ్రాయడం ఆమె పద్ధతి. మామూలు రోజుకు రెండు. చుట్టాలు వస్తే మూడు, నాలుగు, ఆరు. అంటే మా ఇంట ఎవరు ఎన్ని రాత్రులు ఉన్నారన్న లెక్క అంతా పాల లెక్కలో దాగి ఉన్నది. జీవితమంతా లెక్కలు వ్రాసిన నాకు ఇది తట్టనందుకు సిగ్గుపడ్డాను. విగ్రహం వచ్చిన మరుసటి సంవత్సరం, అంటే చుట్టాల తాకిడి అన్నిటికంటె ఎక్కువగా ఉన్న 2019, తీసి కూర్చున్నాము. మూడువందల అరవైఐదు రాత్రులలో ఇంట ఎవరో ఒకరు అదనంగా పడుకొన్నవి నలభైఏడు. నలుగురికి మించి ఉన్నవి తొమ్మిది మాత్రమే. నా జ్ఞాపకంలో మాత్రం ఆ సంవత్సరమంతా ఇల్లు సత్రంలాగా ఉన్నది.

చుట్టాలు వచ్చిన రోజే మనకు గుర్తుంటుంది. రాని రోజుకు గుర్తేమున్నది? ఇల్లు కట్టేవాడు గుర్తున్న రోజుల కొలతతో కడతాడు, గుర్తులేని రోజులన్నీ అందులో కాపురం చేస్తాడు.

లెక్క మొదలుపెట్టిన తరువాత మధ్యలో ఆపడం నా స్వభావం కాదు. మేస్త్రీ చదరపు అడుగుకు రెండువేలు చెప్పాడు. ఒక గది గోడలతో కలిపి నూటయాభై అడుగులనుకొంటే మూడులక్షలు. బ్యాంకులో వేస్తే ఏడు శాతం లెక్కన ఏడాదికి ఇరవైఒక్క వేలు. రెండవ గదినీ, ముందు గదినీ దాటి మూడవ గది అవసరమయ్యేది ఆ తొమ్మిది రాత్రులకే. ఇరవైఒక్క వేలను తొమ్మిదితో భాగిస్తే రాత్రికి రెండువేల మూడువందల ముప్పైమూడు రూపాయలు. ఆ డబ్బుతో చుట్టాలకు తిరుపతిలో చక్కటి హోటలు గది ఇప్పించి, పొద్దున ఇడ్లీ కూడా పెట్టించవచ్చు. సున్నాలు, రంగులు, పైకప్పు కారితే మరమ్మతు ఇందులో చేర్చలేదు. ఊడ్చే చెయ్యి సంగతి అసలే చేర్చలేదు.

ఊడ్చే చెయ్యి సంగతి తిరుపతిలోని మా వదినగారికి తెలుసు. ఆమె నా భార్యకు అక్క. మా తోడల్లుడు 1994లో అక్కడ నాలుగు పడకగదుల ఇల్లు కట్టించాడు. ఉద్దేశం అచ్చంగా నాదే. పది, పన్నెండు సంవత్సరాలు ఆ ఇల్లు నిజంగానే కళకళలాడింది. నేనూ అందులో ఎన్నోసార్లు దిగాను. మొదటి రోజు కొండ. రెండవ రోజు తిరుచానూరు, గోవిందరాజస్వామి, కపిలతీర్థం. తీరిక ఉన్నవారికి మూడవ రోజు శ్రీకాళహస్తి. మూడు రాత్రుల మజిలీ అది. తరువాత ఏమైనదో ఎవరూ గమనించలేదు. రాకపోకలు తగ్గాయి. మూడువందల రూపాయల ప్రత్యేక దర్శనం టిక్కెట్టు ఇంటి దగ్గరే కూర్చుని కొనుక్కోవచ్చు. అందులో దర్శనం గంటతో సహా వ్రాసి ఉంటుంది. రైల్వే స్టేషను ఎదుట విష్ణు నివాసంలోనో, బస్టాండు దగ్గర శ్రీనివాసంలోనో, లేదా కొండ మీదనే గది ముందుగా కుదుర్చుకొంటారు. దర్శనం కాగానే రాత్రి బండి ఎక్కేస్తారు. అతిథి అనే మాటకు తిథి చెప్పకుండా వచ్చేవాడని పెద్దలు అర్థం చెప్తారు. నేటి అతిథి తిథి, వారం, రైలు, పెట్టె, బెర్తు నంబరుతో సహా వస్తున్నాడు. వదినగారి ఇంట ఇప్పుడు రెండు గదులకు తాళాలు. ఆమెకు మోకాళ్ళ నొప్పి. “కట్టించింది ఆయన, ఊడ్చింది నేను” అంటుంది. ఆ మాటకు మా తోడల్లుడు వార్తాపత్రిక పైకెత్తి పట్టుకొంటాడు.

నిజానికి కొండ దిగువన రాత్రి గడపవలసిన అవసరం కాలంతో మారుతూనే వచ్చింది. తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు తెరిచినది 1944లో. అంతకు ముందు నడకే గతి, లేదా డోలీ. అలిపిరి నుంచి మూడువేల ఐదువందల పైచిలుకు మెట్లు ఎక్కవలసినవాడు ముందటి రాత్రి దిగువన విశ్రమించకపోతే ఎట్లా? దిగి వచ్చిన రాత్రి కాళ్ళకు నూనె పెట్టి పడుకోకపోతే ఎట్లా? తిరుపతిలో ఇల్లుగలవాడు ఆనాడు చేసినది మర్యాద మాత్రమే కాదు, యాత్రకు అవసరమైన సహాయం. 1974లో రెండవ ఘాటు రోడ్డు వచ్చి, ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి అయిన తరువాత ఉదయం వెళ్ళి సాయంత్రానికి వచ్చేయడం సులభమైంది. ఆ తరువాత గంట వేసిన టిక్కెట్టు. యాత్రికుని అలవాటు ముప్పై సంవత్సరాలకొకసారి మారింది. గోడ మాత్రం అరవై, డెబ్బై సంవత్సరాలు నిలుస్తుంది.

గదులకు తాళాలు అంటే మా కడోదరా పరిసరాలలోనివారికి వింత కాదు. బార్డోలీ, పల్సానా వైపు పల్లెలలో పెద్ద పెద్ద మేడలు కనిపిస్తాయి. ఇంగ్లండు, అమెరికా, న్యూజిలాండు దేశాలలో స్థిరపడిన పటేళ్ళవి. ముందు ఇనుప గేటు, లోపల ఉయ్యాల బల్ల, మేడ మీద వరుసగా కిటికీలు, ఆ కిటికీలకు సాలెగూళ్ళు. శీతకాలం వచ్చేసరికి, డిసెంబరు, జనవరి నెలలలో, అమెరికావారు దిగుతారు, పెళ్ళిళ్ళు చేస్తారు, కిటికీలు తెరుచుకొంటాయి. మిగిలిన పది నెలలూ ఒక కాపలా ముసలివాడు వెనుకవైపు వంటింట్లో వండుకొని, ముందు అరుగు మీద పడుకొంటాడు. ఆ ఇంట నిజంగా కాపురం ఉండేది అతనే. అతనికి కావలసినది ఒక వంటిల్లు, ఒక అరుగు. గుజరాతీలు ఆ అరుగును ‘ఓట్లో’ అంటారు. సాయంత్రమైతే ఊరంతా ఓట్లోల మీదనే ఉంటుంది.

మా ఊరిలోనే దీనికి పూర్తిగా ఎదురైన దృశ్యం ఉన్నది. మరమగ్గాల దగ్గర పనిచేసే ఒడిశా గంజాం జిల్లావారు మెస్సు గదులలో ఉంటారు. పన్నెండు గంటల పాళీ. పగటి పాళీవాడు లేచి వెళ్ళిన చోటనే రాత్రి పాళీవాడు వచ్చి పడుకొంటాడు. ఒకే చాప చోటు ఇద్దరిది. గాలి చాలదు, వేడి, ఉక్క. అది ఎవరూ కోరుకొనే బ్రతుకు కాదు, ఆదర్శంగా చూపడం లేదు. కాని ఒక మనిషి నిద్రకు ఎంత చోటు కావాలన్నది ఆ గదిలో చూసినంత స్పష్టంగా నాకు మరెక్కడా తెలియలేదు. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. పదిహేను చదరపు అడుగులు. కాళ్ళు తొక్కకుండా నడవడానికి మరి అయిదు కలపండి. మనిషికి ఇరవై. పన్నెండు అడుగులకు పద్దెనిమిది అడుగుల ముందు గది ఉంటే అది రెండువందల పదహారు చదరపు అడుగులు. పదిమంది సుఖంగా పడుకోవచ్చు. అదే చోటును రెండు పడకగదులుగా చీల్చి, ఒక్కొక్కదానిలో జోడు మంచం వేస్తే, పడుకొనేది నలుగురు. మిగిలినది మంచం చుట్టూ తిరిగే సందు. జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాసపు గది తొమ్మిదిన్నర చదరపు మీటర్లకు, అనగా దాదాపు నూటరెండు చదరపు అడుగులకు, తగ్గరాదంటుంది. రెండవ గది ఉంటే అది ఏడున్నర మీటర్లయినా చాలునంటుంది. ఆ కొలత మంచి గాలి, వెలుతురు కోసం. చుట్టాలకోసం కాదు.

ఇక్కడ మా ఇంటావిడే నన్ను ఆపింది. “చాప మీద పదిమంది పడుకొంటారు సరే. వచ్చేవారి వయస్సు ఎంత?” అన్నది. నిజమే. ఒకప్పుడు మా ఇంటికి వచ్చినవారు ముప్పై ఏళ్ళవారు. అదే మనుషులు ఇప్పుడు అరవైఐదు దాటారు. నేల మీదికి వంగితే పైకి లేవలేరు. కాబట్టి ముందు గదిలో గోడవారగా ఒక దివాను, మడిచి అటక మీద పెట్టే నవారు మంచాలు రెండు. పిల్లలకు, నడివయస్సువారికి చాపలు.

ఈ చర్చ మధ్యలో చాలా కాలంగా నా మనస్సులో ఉన్న సంగతి బయటపడింది. నాలుగు గదుల పటము వెనుక ఉన్నది అదే. 1997లో మా నాన్నగారు, అమ్మ కడోదరా వచ్చారు. నాన్నగారికి దండి చూడాలని చిన్నప్పటి నుంచి కోరిక. మూడు నాలుగు రోజులు ఉంటానని ఉత్తరం వ్రాశారు. వచ్చిన రాత్రి ఆ ఒక్క గదిలో మేము నలుగురమూ, మా అమ్మాయీ పడుకొన్నాము. మరునాడు ఉదయాన్నే ఆయన, “మీకు ఇబ్బందిరా, ఈ రాత్రి బండికే వెళ్తాము” అన్నారు. ఎంత బ్రతిమాలినా వినలేదు. ఆ పగలే హడావుడిగా దండి తీసికొని వెళ్ళి, సాయంత్రం సూరత్ స్టేషనులో బండి ఎక్కించాను. తరువాతి సంవత్సరం ఆయన పోయారు. గది లేకపోవడం వల్ల కన్నతండ్రిని రెండవ రాత్రి ఉంచుకొనలేకపోయానన్నది ఇన్ని సంవత్సరాలు నాలోనే ఉండిపోయింది.

ఇది చెప్పినప్పుడు మా ఇంటావిడ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “గది కోసం కాదు ఆయన వెళ్ళింది” అన్నది. మా వరుస ఇళ్ళకు మరుగుదొడ్డి చివరన ఉండేది. ఆరు వాటాలకు ఒకటి. రాత్రి చీకటిలో, డ్రాముల మధ్య నుంచి అక్కడికి నడవాలి. నాన్నగారికి ఆ వయస్సులో రాత్రి మూడు నాలుగు సార్లు లేవవలసి వచ్చేది. ఒకసారి వెళ్ళి తలుపు మూసి ఉండడంతో బయట నిలబడి, తిరిగి వచ్చి, తెల్లవారే దాకా అట్లాగే కూర్చున్నారట. కోడలికి చెప్పుకొనలేక అమ్మతో అన్నారు. అమ్మ వెళ్ళేముందు ఈమెతో చెప్పింది. “గది చాలకపోతే సర్దుకొనే మనిషి ఆయన. సంతలో అరుగు మీద పడుకొన్నవారు కాదా?” అన్నది.

ఆ మాట తరువాత పాత పటాన్ని మళ్ళీ చూడవలసి వచ్చింది. నాలుగు పడకగదులు, నాలుగు అతికిన స్నానాలగదులు. చూడడానికి బాగున్నది. కాని అతికిన స్నానాలగదికి దారి పడకగదిలో నుంచి. రాత్రి రెండు గంటలకు ముందు గదిలో పడుకొన్న పెద్దాయన లేస్తే, మరొకరి పడకగది తలుపు తట్టాలి. తట్టడు. తెల్లవారే దాకా కూర్చుంటాడు.

తిరుపతిలో ఈ సమస్య మరీ ఎక్కువ. చీరలు కొనడానికి వచ్చిన చుట్టం తొమ్మిదింటికి స్నానం చేసినా నష్టం లేదు. కొండకు వెళ్ళేవారందరూ ఒకే గంటలో, తెల్లవారుజామున, స్నానం చేయవలసినవారే. తలనీలాలు ఇచ్చి వచ్చినవారు మళ్ళీ స్నానం చేస్తారు. పదిమంది, మనిషికి పదిహేను నిమిషాలు, ఒకే గది ఉంటే రెండున్నర గంటలు. అయిదు గంటలకు బయలుదేరవలసినవారిలో మొదటివాడు రెండున్నరకు లేవాలి. స్నానాలగది, మరుగుదొడ్డి ఒకే గదిలో ఉంటే, లోపల ఒకరు స్నానం చేస్తున్నంతసేపు రెండవ అవసరమున్నవాడు బయట నిలబడాలి. వాటిని విడదీసి, రెండు స్నానాలగదులు, రెండు మరుగుదొడ్లు చిన్నచిన్నవిగా వేరుగా కడితే, ఒకేసారి నలుగురికి వీలవుతుంది. నాలుగు అడుగులకు నాలుగున్నర అడుగుల చోటు ఒక్కొక్కదానికి. నాలుగూ కలిపి డెబ్బైరెండు చదరపు అడుగులు, రెండు అంకణాలు. నేను వద్దనుకొన్న ఒక్క పడకగదిలో సగం చోటు. మరుగుదొడ్లలో ఒకటి తప్పనిసరిగా కుర్చీలాగా కూర్చునేది, పక్క గోడకు పట్టుకొనే కడ్డీతో. వీటికి తలుపులు నడవలోకి ఉండాలి గాని ఎవరి గదిలోకీ ఉండరాదు. రాత్రంతా నడవలో చిన్న దీపం.

తరువాత నీళ్ళు. తిరుపతికి కల్యాణి జలాశయం నుంచి, తెలుగుగంగ నుంచి నీరు వస్తుంది. వేసవిలో ఎంత వస్తుందో వదినగారిని అడగాలి. నియమావళి మనిషికి రోజుకు నూటముప్పైఐదు లీటర్లు లెక్కగడుతుంది. మేమిద్దరము ఉన్నప్పుడు రెండువందల డెబ్బై. పదిమంది చుట్టాలు చేరితే పదహారువందల ఇరవై. ఆరు రెట్లు! పడకగదులు ఆరు రెట్లు కట్టేవాడు ఎవడూ లేడు గాని, నీటి తొట్టిని ఆరు రెట్లు కట్టడం కష్టం కాదు. మేడ మీద రెండువేల లీటర్ల ట్యాంకు, నేలలో ఒక సంపు. రెండువేల లీటర్లంటే రెండు టన్నుల బరువు. దానిని కప్పు నడిమధ్య పెట్టరాదు. కింద స్తంభాలో, దూలాలో ఉన్న మూలన పెట్టాలని మేస్త్రీ చెప్పాడు. వాస్తు చెప్పేవారు నైరుతి మూల అన్నారు. అదృష్టవశాత్తు మాకు స్తంభాలు ఆ మూలనే బలంగా వచ్చాయి. ఇద్దరికీ సంతోషం.

ఖాళీగా ఉండే గదులను యాత్రికులకు అద్దెకు ఇవ్వరాదా అని మిత్రుడొకరు సలహా ఇచ్చాడు. ఇవ్వవచ్చు. యజమాని ఆ ఇంటనే ఉంటూ, ఒకటి మొదలు ఆరు గదుల వరకు అతిథులకు ఇచ్చుకొనే పథకం కేంద్ర పర్యాటక శాఖకు ఉన్నది. ఓపిక ఉన్నవారికి అది మంచి జీవనోపాధి. కాని అది ఇల్లు కట్టడం కాదు, వ్యాపారం పెట్టడం. రోజూ దుప్పట్లు ఉతికించాలి, అపరిచితులకు అర్ధరాత్రి తలుపు తీయాలి. అరవై ఏళ్ళు దాటిన తరువాత ఆ పని చేయగలమా అని అడుగుకొంటే మా ఇద్దరికీ ఒకే సమాధానం వచ్చింది. ఈ వ్యవహారమంతటిలో మేమిద్దరము వాదన లేకుండా ఒప్పుకొన్నది ఇదొక్కటే.

వంట సంగతి ఆమె ఒక్క మాటలో తేల్చింది. వంటిల్లు ఎనిమిదికి పది. దానికి తలుపు అక్కరలేదు. కాని తన పడకగదికి లోపల గడియ కావాలి. రూమ్ రసోడులో పదహారు సంవత్సరాలు చుట్టాలందరూ పడుకొన్న తరువాత పడుకొని, వారు లేవక ముందే లేచిన మనిషి ఆమె. నడుము వాల్చాలంటే రసోడులో బియ్యం డబ్బా పక్కన వాల్చేది. నా పటములో నాలుగు పడకగదులు ఉన్నాయి గాని, అందులో ఒక్కటీ ప్రత్యేకంగా ఆమెది కాదు. చుట్టాలు ఎక్కువైతే మన గది కూడా ఇచ్చేద్దామని నేను మనస్సులో అనుకొనే ఉన్నాను. అది ఆమెకు తెలుసు.

చివరకు నిలిచిన పటము ఇది. ముందు ఆరడుగుల వెడల్పు అరుగు, పైన కప్పుతో. ఓట్లో మీద మోజు నాకు ఇక్కడ అంటుకొన్నదే. తరువాత పన్నెండుకు పద్దెనిమిది ముందు గది. పదికి పన్నెండు పడకగది ఒకటి, గడియతో. వంటిల్లు. వెనుక నడవ, అందులో నాలుగు చిన్న తలుపులు. పైన ఏమీ లేదు. మెట్లు మాత్రం కట్టిస్తున్నాము, ట్యాంకు కడగడానికీ, వడియాలు ఎండబెట్టడానికీ. ఎప్పుడైనా మా అమ్మాయి వచ్చి ఉంటానంటే పైన గది వేసికొనేందుకు పునాది, స్తంభాలు తగిన బలంతో వేయిస్తున్నాము. దానికి ఇప్పుడయ్యే అదనపు ఖర్చు కొంచెమే. తరువాత కావాలంటే సాధ్యం కాదు.

పటము నకలు తిరుపతికి పంపితే వదినగారు వెంటనే ఫోను చేసింది. మూడవసారి చూసిన తరువాత అర్థమైందట, నాలుగు తలుపులు దేనికో. తమ మేడ మీది తాళం వేసిన గదులలో ఒకదానిని తీసివేసి అట్లా చేయించవచ్చునా అని మేస్త్రీని అడగమన్నది. మా తోడల్లుడు ఫోను అందుకొని వేరే సంగతి అడిగాడు. గృహప్రవేశానికి ఎంతమంది రావచ్చునని.